గగనవిహారుల చరిత్రకారుడు డాక్టర్ సలీం అలీ

ఆశ్వయుజ మాసం ప్రవేశించి వానలు వెనుకబట్టగానే దక్కను పీఠభూమికి దూరదేశపు అతిథులు వస్తారు. మధ్య ఆసియా గడ్డిమైదానాలనుండి వేల కిలోమీటర్లు పయనించి వచ్చే పిల్లిగద్దలు వారిలో ముఖ్యులు. ఇవి పచ్చికను ఒరుసుకొంటున్నట్లు తక్కువ ఎత్తున ఎగురుతూ మిడతలను, ఎలుకలను వేటాడతాయి. సంధ్యవేళ గుంపులుగా చేరి గడ్డిలోనే నేలపై నిద్రిస్తాయి. చెట్టు లేకున్నా వీటికి లోటు లేదు. గడ్డి లేకుంటే మాత్రం బ్రతుకు లేదు. ఇట్టి పక్షుల రాకపోకలను గ్రంథస్థం చేయుటకు జీవితాన్నంతటినీ వెచ్చించిన మహనీయుడు డాక్టర్ సలీం అలీ.

ఆయన 1896 నవంబరు 12వ తేదీన బొంబాయిలో ఒక సులేమానీ బోహ్రా కుటుంబంలో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగారు. బాల్యంలో గాలితుపాకితో కొట్టిన ఒక పిచ్చుక మెడపై పసుపు మచ్చ కనిపించింది. అది ఏ జాతిదో తెలుసుకొనుటకు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి వెళ్ళగా, కార్యదర్శి మిల్లార్డ్ ఆ బాలునికి సంఘంలోని పక్షుల సంగ్రహమంతా చూపించారు. ఆ దినమే ఆయన జీవితమార్గం నిర్ణయమైంది.

కాని ఆ మార్గం పూలబాట కాదు. యౌవనంలో బర్మాలో కుటుంబ వ్యాపారం చూశారు, అది ఫలించలేదు. 1918లో తెహమీనాను వివాహమాడారు. విశ్వవిద్యాలయ పట్టా లేని కారణంగా ప్రభుత్వ జంతుశాస్త్ర సర్వే శాఖలో ఉద్యోగం లభించలేదు. 1926లో బొంబాయి మ్యూజియంలో మార్గదర్శక ఉపన్యాసకులుగా చేరి, అనంతరం బెర్లిన్ వెళ్ళి ప్రొఫెసర్ స్ట్రెస్‌మాన్ వద్ద శిక్షణ పొందారు. 1930లో తిరిగి వచ్చేసరికి నిధుల కొరతచే ఆ ఉద్యోగమే రద్దయింది. నిరుద్యోగిగా కిహీం గ్రామంలో కాలం గడుపుతూ గిజిగాళ్ళను పరిశీలించారు. మగపక్షి గూళ్ళు సగం అల్లి ఉంచగా, ఆడపక్షి తనకు నచ్చినదానిని ఎన్నుకొంటుందని ఆయన గ్రహించారు.

అప్పుడే ఆయన ఒక ఉపాయం ఆలోచించారు. జీతం అక్కరలేదు, విడిది ఖర్చులు భరించిన చాలు, మీ రాజ్యంలోని పక్షులను సర్వే చేసెదనని సంస్థానాల ముందు ప్రతిపాదన ఉంచారు. నిజాం ప్రభుత్వం అంగీకరించింది. 1931లో హైదరాబాదు సర్వే ఆరంభమైంది. నల్లమలలోని మన్ననూరు, ఫరహాబాదు మొదలుకొని గోదావరీతీరపు అడవుల వరకు ఆయన గుడారాలు వేశారు. విడిది నిర్వహణ భారమంతా తెహమీనా వహించారు. ఆనాటి పద్ధతిననుసరించి నమూనాలను సేకరించుటేగాక, ఏ పక్షి ఏ నేలలో, ఏ మాసంలో, ఏమి తిని జీవిస్తున్నదో వ్రాసి ఉంచారు. ఈ నివేదిక 1933, 1934 సంవత్సరాలలో సంఘ పత్రికలో వెలువడింది. ఆయన తదుపరి సర్వేలకు ఇదే పునాది.

1939లో తెహమీనా మరణం ఆయనను కుంగదీసింది. అయినా కృషి ఆగలేదు. 1941లో భారతీయ పక్షులపై ఆయన గ్రంథం వెలువడి సామాన్యులకు సైతం పక్షిపరిశీలన నేర్పింది. డిల్లాన్ రిప్లీతో కలసి రచించిన పది సంపుటాల మహాగ్రంథం 1968 నుండి 1974 వరకు వెలువడింది. ఆయన నేతృత్వంలో సంఘం వేలాది పక్షుల కాళ్ళకు ఉంగరాలు తొడిగి వాటి వలసమార్గాలను శోధించింది. 1976లో పద్మవిభూషణ్ బిరుదం లభించింది. పాల్ గెటీ బహుమతి కూడా లభించగా, ఆ ధనాన్ని ప్రకృతి సంరక్షణకే ధారపోశారు. 1985లో రాజ్యసభకు నియమితులై, 1987 జూన్ 20వ తేదీన తొంబది ఏండ్ల వయస్సులో దివంగతులయ్యారు.

ఆయన పర్యటించిన కాలంలో మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతాలు నగరం వెలుపలి రాతిగుట్టలు, కంచలు. కంచ యనగా పశువుల మేతభూమి. ఆ మాట నేటికీ కంచ గచ్చిబౌలి పేరులో నిలిచి యున్నది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట ఈ దిక్కున భవనాలు వేగంగా పెరిగాయి. వేలమందికి జీవనోపాధి కలిగింది, గడ్డినేల కుంచించుకుపోయింది. కంచ గచ్చిబౌలిలోని నాలుగువందల ఎకరాలలో చెట్ల నరికివేతను 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నిలిపివేసిన సంగతి పాఠకులకు విదితమే. మన చట్టాలలో చెట్టుకున్న విలువ గడ్డికి లేదు. ఖాళీగా కనిపించే బీడు సైతం ఒక ప్రాణికి అన్నపానాల నెలవని గుర్తించుటకు సలీం అలీ వంటి చూపు కావాలి.

ఆ చూపునకు పట్టా అక్కరలేదని ఆయన జీవితమే చాటుతున్నది. విద్యార్థులారా! రాబోయే శరదృతువులో ఒక పుస్తకం, ఒక కలం చేతబట్టి ఊరి వెలుపలి బీడునకు వెళ్ళండి. ఏ దినాన ఏ గద్ద కనిపించినదో తేదీతో సహా వ్రాసి ఉంచండి. గడ్డినేలలను కాపాడదలచిన వారికి రేపు ఆ తేదీలే సాక్ష్యం కాగలవు.