రహీం సాహెబు

నెల్లూరు సీమలో మైపాడు సముద్రతీరమున, ప్రొద్దు వాలినవేళ, బాలురు వట్టికాళ్ళతో ఇసుకపై బంతి తన్నుచు ఆడుకొందురు. ఆ ఆటకు కావలసినది ఒక బంతియు, కొంత చోటును మాత్రమే. ఒకప్పుడు మన దేశమున పేరుమోసిన ఫుట్‌బాలు ఆటగాండ్రలో పెక్కుమంది ఇట్లే వట్టికాళ్ళతో ఆడెడివారు. అట్టి దేశపు జట్టును తీర్చిదిద్ది, ఆసియాఖండమున అగ్రస్థానమున నిలిపినవాడు ఒక బడిపంతులు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాండ్రందరు ఆయనను రహీం సాహెబని గౌరవముతో పిలిచెడివారు.

రహీం 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచు, ఆ జట్టులో ఫుట్‌బాలు ఆడెను. చదువు ముగిసిన పిదప కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు చోట్ల పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసెను. వ్యాయామవిద్యయందును శిక్షణ పొందెను. హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై చిరకాలము సేవచేసెను. 1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. ఆ సంవత్సరము మొదలు 1954 వరకు వరుసగా ఐదుమారులు ఆ జట్టు బొంబాయిలో జరిగిన రోవర్సు కప్పును గెలుచుకొనెను. కలకత్తా జట్లకు పెట్టినది పేరైన ఆ కాలమున, హైదరాబాదు పేరు దేశమంతట మారుమ్రోగెను.

ఈ విజయములకు మూలము ఆయన బోధనాపద్ధతి. చిన్నవాండ్రకు బంతి దొరికినచో దానిని విడువబుద్ధి పుట్టదు; ఒక్కరే దానిని గోలువరకు తీసికొనిపోవలెనని ఆశపడుదురు. మనుష్యునికంటె బంతి వేగముగా పరుగెత్తునని రహీం ఎరుగును. కావున బంతిని తనవద్ద నిలుపుకొనక వెంటనే తోడివానికి అందింపవలెనను నియమముతో ఆయన పోటీలు పెట్టెను. కుడికాలు వాటముగలవారు ఎడమకాలితోను, ఎడమకాలు వాటముగలవారు కుడికాలితోను ఆడవలెనని మరియొక పోటీ ఏర్పాటుచేసెను. దుర్బలమైన కాలికి బలము చేకూర్చుట, ఒంటరివానికి జట్టు విలువ తెలుపుట ఆయన పాఠములలో ముఖ్యమైనవి.

సికింద్రాబాదు చేరువ అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అను పేదబాలుడుండెను. వాని ఆటనేర్పును రహీం కనిపెట్టెను. కాని అభ్యాసమునకు హైదరాబాదు రావలెనన్న వాని చేత డబ్బులేదు. రహీం ఆ సంగతి తెలిసికొని, అద్దె సైకిలుకు కావలసిన సొమ్ము తానే ఇచ్చి వానిని రప్పించుకొనెను. ఆ బలరామే తరువాత 1956, 1960 సంవత్సరములలో ఒలింపిక్ క్రీడలలో మన దేశము తరఫున ఆడెను.

భారతజట్టు శిక్షకుడుగా రహీం తొలి ఘనవిజయము 1951లో లభించెను. ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల తుదిపోటీలో మేవాలాల్ చేసిన ఒక్క గోలుతో మనవారు ఇరానును ఓడించి స్వర్ణపతకము పొందిరి. కాని మరుసటి సంవత్సరమే హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో మన జట్టునకు ఘోరపరాజయము కలిగెను. యుగోస్లావియా జట్టు పది గోలులు చేయగా మనవారు ఒక్కటి మాత్రమే చేయగలిగిరి. ఆ చలిదేశపు తడినేలపై వట్టికాళ్ళతో ఆడుట ఎంత కష్టమో అప్పుడు తెలిసివచ్చెను. ఆ పిదప మన ఆటగాండ్రు బూట్లు తొడుగుకొని ఆడవలెనను నియమమేర్పడెను. ఓటమిని తలచి కుమిలిపోవుటకంటె, దానినుండి నేర్చుకొనుట మేలని రహీం తలచెను. ఇతర దేశములవారి ఆటతీరులను శ్రద్ధగా పరిశీలించి, మనవారికి తగినట్లుగా మార్చి నేర్పెను.

నాలుగేండ్లు గడచెను. 1956లో మెల్బోర్ను ఒలింపిక్ క్రీడలలో మన జట్టు ఆతిథ్యదేశమైన ఆస్ట్రేలియాను నాలుగు గోలులకు రెండు గోలుల తేడాతో ఓడించెను. ఆ పోటీలో నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోలులు చేసెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో ఉపాంత్యపోటీకి చేరిన మొట్టమొదటి ఆసియా జట్టు మనదే. అచ్చట మరల యుగోస్లావియాయే ఎదురయ్యెను. ఈమారు మొదటి గోలు మనవారే చేసిరి. తుదకు నాలుగు గోలులకు ఒక గోలుగా ఓడిపోయినను, హెల్సింకినాటి జట్టు ఇది కాదని లోకమునకు తెలిసెను. ఆ క్రీడలలో మనకు నాలుగవ స్థానము లభించెను.

రహీం జీవితమున మిక్కిలి కఠినమైన పరీక్ష 1962లో వచ్చెను. ఆ సంవత్సరము జకార్తాలో ఆసియా క్రీడలు జరిగెను. అప్పటికే ఆయన ఊపిరితిత్తులను క్యాన్సరు వ్యాధి తినివేయుచుండెను. అయినను ఆయన తన కర్తవ్యమును విడువలేదు. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా మనలను రెండు గోలులతో ఓడించెను. తరువాత మనవారు థాయిలాండును, జపానును గెలిచిరి. కాని థాయిలాండుతో ఆడునప్పుడు రక్షణశ్రేణికి మూలస్తంభమైన జర్నయిల్ సింగు తలకు గాయమై కుట్లు వేయవలసివచ్చెను.

అప్పుడు రహీం ఎవరును ఊహింపని నిర్ణయము చేసెను. తలకు కట్టుతోనున్న జర్నయిల్‌ను వెనుక నిలుపక, ముందువరుస నడుమ దాడిచేయు స్థానమున నిలిపెను. దక్షిణ వియత్నాముతో జరిగిన ఉపాంత్యపోటీలో అతడు గోలు చేసెను. మనవారు మూడు గోలులకు రెండుగా గెలిచి తుదిపోటీకి చేరిరి. అందు మరల దక్షిణ కొరియాయే ప్రత్యర్థి.

ఆ రోజులలో జకార్తా ప్రజలు మనవారిపై కోపముతో నుండిరి. ఇశ్రాయేలు, తైవాను జట్లను క్రీడలకు రానీయకపోవుటను భారతీయ ప్రతినిధియగు గురుదత్త్ సోంధీ ఆక్షేపించుటయే అందులకు కారణము. తుదిపోటీ ముందు దినము రహీం ఆటగాండ్రను చేరబిలిచి, తనకొక కానుక కావలెనని అడిగెను. మరునాడు గెలిచి తెచ్చు స్వర్ణపతకమే ఆ కానుక. తండ్రివంటి గురువు అడిగిన ఆ కోరిక వారి మనస్సులలో నాటుకొనెను.

1962 సెప్టెంబరు 4వ తేదీన, సుమారు లక్షమంది ప్రేక్షకులు మనకు వ్యతిరేకముగా కేకలు వేయుచుండగా ఆట ప్రారంభమయ్యెను. జ్వరమువలన వెనుకటి పోటీలకు దూరమైన పీటర్ తంగరాజు గోలు కాపాడుటకు నిలిచెను. 17వ నిమిషమున పి.కె. బెనర్జీ గోలు చేసెను. 20వ నిమిషమున జర్నయిల్ మరియొక గోలు చేసెను. ఆట ముగియవచ్చిన వేళ కొరియావారొక గోలు చేసినను, మనవారు చలింపక నిలిచిరి. చూనీ గోస్వామి నాయకత్వమున భారతదేశము స్వర్ణపతకము గెలిచెను. గురుదక్షిణ చెల్లినది.

తొమ్మిది నెలలు గడచిన పిదప, 1963 జూన్ 11వ తేదీన, రహీం తన 53వ ఏట కన్నుమూసెను. ఆసియా క్రీడలలో ఫుట్‌బాలు స్వర్ణము మనకు 2023 క్రీడల వరకును మరల రాలేదు. చాలకాలము మరుగుపడిన ఆయన కథ 2024లో మైదాన్ అను హిందీ చలనచిత్రముగా వెలువడెను.

రహీం జకార్తాలో ఒక్క బంతియైనను తన్నలేదు; గీతకు వెలుపల కూర్చుండెను. అయినను ఆ విజయమున ఆయన పాలు చిన్నది కాదు. ఓటమినుండి పాఠము గ్రహించుట, పేదవాని ప్రతిభను గుర్తించుట, తన బాధను మరచి పదిమందిని నిలబెట్టుట ఉత్తమ ఉపాధ్యాయుని లక్షణములు. రహీం సాహెబు తుదివరకు అట్టి ఉపాధ్యాయుడుగనే జీవించెను.