బడికి పోవాలనుకున్న మీనాకుమారి

మీనాకుమారి హిందీ సినిమాల్లో గొప్ప నటి. ఆమె అసలు పేరు మహజబీన్. 1933 ఆగస్టు 1న బొంబాయిలో జన్మించింది. తండ్రి అలీ బక్ష్ హార్మోనియం వాయించేవాడు. తల్లి ఇక్బాల్ బేగం నాటకాల్లో వేషాలు వేసేది. వాళ్లది చాలా బీద కుటుంబం. అప్పటికే ఒక ఆడపిల్ల ఉంది. మళ్లీ ఆడపిల్లే పుట్టిందని, డాక్టరుకు ఇయ్యడానికి కూడా డబ్బుల్లేవని తండ్రి పసిబిడ్డను అనాథాశ్రమం దగ్గర వదిలేసి వచ్చాడంట. కొన్ని గంటలకే మనసు ఆగక మళ్లీ పోయి తెచ్చుకున్నాడని చెప్తారు.

వద్దనుకున్న ఆ పిల్లే తర్వాత ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టింది. చిన్న వయసులోనే ఆమెను స్టూడియోలకు తీసుకుపోయారు. విజయ్ భట్ అనే దర్శకుడు లెదర్ ఫేస్ అనే సినిమాలో వేషం ఇచ్చాడు. అది 1939లో వచ్చింది. మొదటి రోజు పనికి 25 రూపాయలు ఇచ్చారంట. తర్వాత ఆయనే బేబీ మీనా అని పేరు పెట్టాడు.

కానీ ఆమెకు సినిమాల్లో చేయాలని లేదు. అందరి పిల్లల్లాగ బడికి పోవాలని ఆశ. బడిలో వేసినా షూటింగుల వల్ల చదువు సాగలేదు. ఆమె పని చేస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. ఐనా ఆమె ఉర్దూ నేర్చుకుంది, పుస్తకాలు చదివింది. పెద్దయ్యాక నాజ్ అనే పేరుతో కవితలు కూడా రాసింది.

1947లో తల్లి చనిపోయింది. అప్పుడు ఆమెకు 13 ఏళ్లు, దాదాపు మన ఈడే. 1952లో బైజూ బావ్రా సినిమా వచ్చింది. చిన్నప్పుడు వేషం ఇచ్చిన విజయ్ భట్టే దీనికీ దర్శకుడు. దానితో దేశమంతా పేరొచ్చింది. 1954లో మొట్టమొదటిసారి ఫిలింఫేర్ అవార్డులు ఇచ్చినప్పుడు ఉత్తమ నటి బహుమతి ఆమెకే వచ్చింది.

మన మిస్సమ్మ సినిమాను ఎల్.వి. ప్రసాద్ గారు 1957లో హిందీలో మిస్ మేరీ అని తీశారు. సావిత్రి గారు వేసిన పంతులమ్మ వేషం అందులో మీనాకుమారి వేసింది. బడికి సరిగ్గా పోలేని మనిషి సినిమాలో పంతులమ్మ అయ్యింది! 1972 మార్చి 31న, 38 ఏళ్లకే ఆమె మరణించింది.

మిత్రులారా, సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయిన మన పిల్లలు కొందరు మిరపకాయలు ఏరే కూలికి పోతున్నారు. వాళ్లకు చదువు మీద మనసు లేదని అనకండి. వాళ్ల కూలితో ఇల్లు గడుస్తుంది. ఆలస్యంగా వచ్చినా వాళ్లకు మన నోట్సులు ఇద్దాం. వార్డెన్ మేడం గారు కూడా వాళ్ల పేర్లు కొట్టేయకుండా ఉంచాలని కోరుతున్నాను.

– 9వ తరగతి విద్యార్థిని