నీలి పాపల డాక్టరమ్మ హెలెన్ టాసిగ్

గుండెలో రంధ్రం ఉన్న బిడ్డకు ఎక్స్‌రే చూస్తూ వైద్యం చేస్తామనగానే జంకే తల్లిదండ్రులు మన కుటుంబాల్లోనూ ఉన్నారు. అందుకే ఈసారి డాక్టరు హెలెన్ టాసిగ్ గారి జీవితాన్ని క్లుప్తంగా అందిస్తున్నాము.

ఆమె 1898 మే 24న అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో పుట్టారు. తండ్రి హార్వర్డులో అర్థశాస్త్ర ఆచార్యులు. పదకొండేళ్లకే తల్లి క్షయతో పోయారు. చిన్నతనంలో ఆమెకు అక్షరాలు చదవడమే కష్టంగా ఉండేది. హార్వర్డు ఆ రోజుల్లో ఆడవాళ్లకు వైద్య పట్టా ఇచ్చేది కాదు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో చదివి 1927లో డాక్టరయ్యారు. 1930లో అక్కడి పిల్లల గుండె క్లినిక్ బాధ్యత తీసుకున్నారు.

వినికిడి తగ్గిపోవడంతో ఆమె బిడ్డ రొమ్ము మీద చెయ్యి ఆనించి గుండె తీరు కనిపెట్టేవారు. దానికి తోడు ఫ్లోరోస్కోపు వాడేవారు. చీకటి గదిలో ఎక్స్‌రే కిరణాలు బిడ్డ ఒంట్లోంచి పోతుంటే, కొట్టుకునే గుండె నీడ తెరమీద కనబడేది. ఒళ్లు నీలంగా మారే పిల్లల్లో ఊపిరితిత్తులకు రక్తం చాలడం లేదని, పుట్టాక మూసుకోవలసిన ఒక నాళం తెరిచే ఉన్నవాళ్లు కాస్త మెరుగ్గా ఉన్నారని గ్రహించారు. అలాంటి దారి ఆపరేషన్‌తో వేయవచ్చని ఆమెకు తోచింది. సర్జన్ ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్, ఆయన సహాయకుడు వివియన్ థామస్ దాన్ని సాధించారు. 1944 నవంబరు 29న 15 నెలల పాపకు తొలి ఆపరేషన్ జరిగింది. ఆ పాప ఎక్కువ కాలం బతకలేదు గాని, తర్వాత వేలాది పిల్లలు బతికి బట్టకట్టారు.

మేలుకోసం ఇచ్చినదే కీడు చేయవచ్చని కూడా ఆమెకు తెలుసు. గర్భిణులు వాడిన థాలిడోమైడ్ మాత్రవల్ల అంగలోపాలతో పిల్లలు పుడుతున్నారని విని, 1962లో జర్మనీ వెళ్లి విచారించి అమెరికాను హెచ్చరించారు. 1965లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్‌కు తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. 1986 మే 20న కారు ప్రమాదంలో కన్నుమూశారు.

ఈనాడు ధ్వని తరంగాలతో చూసే ఎకో పరీక్షలో రేడియేషన్ లేదు. కాథెటర్‌తో రంధ్రం మూసేటప్పుడు మాత్రం చాలాసార్లు ఎక్స్‌రే కావాలి. పిల్లల శరీరం రేడియేషన్‌కు పెద్దలకన్నా సున్నితం, పైగా వారికి ముందున్న ఆయుష్షు ఎక్కువ. కనుక డాక్టర్లు కిరణాలను ఆపి ఆపి పంపుతారు, గుండె ఉన్న మేరకే పడనిస్తారు, ఎంత మోతాదు పడిందో రాసి ఉంచుతారు.

భయపడి వైద్యం మానుకోవద్దని మా మనవి. ఎకోతో సరిపోతుందా అని ముందే డాక్టరుగారిని అడగండి. ఎక్స్‌రే తప్పనిసరైతే, మోతాదు రాసిన కాగితం అడిగి తీసుకుని బిడ్డ ఫైలులో భద్రపరచండి. ఊరు మారినా, ఆసుపత్రి మారినా ఆ ఫైలు వెంట ఉండాలి.