తుంబురు కోనలో మౌన తపస్విని

తిరుమలలో శ్రీ వేంకటేశ్వరస్వామివారికి రాత్రి ఏకాంతసేవ జరుగు వేళ తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి ముత్యాల హారతి సమర్పించుట సంప్రదాయము. దినమంతయు సాగిన కైంకర్యములకు ముగింపైన ఆ హారతి మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరిట వచ్చుచున్నది. ఆమె కీర్తి అందరికిని తెలిసినదే. ఆ కీర్తి వెనుక జనసంచారము లేని కోనలో గడచిన మౌనజీవితము కలదు. దానిని స్మరించుట భక్తులకు శ్రేయస్కరము.

చిత్తూరు సీమలో గుర్రంకొండకు సమీపమున నున్న తరిగొండ గ్రామమున 1730 ప్రాంతమున కానాల కృష్ణయ్య, మంగమాంబ అను పుణ్యదంపతులకు వెంగమాంబ జన్మించెను. ఆ గ్రామమున వెలసిన లక్ష్మీనృసింహస్వామిని ఆమె చిన్ననాటి నుండియు సేవించెను. బాల్యముననే వివాహమయ్యెను. అనతికాలముననే భర్త గతించెను. శ్రీనివాసుడే తన పతియని నిశ్చయించుకొని ఆమె సుమంగళీ చిహ్నములను విడువలేదు, కేశఖండనమునకు అంగీకరింపలేదు. ఆ కాలమున అది సామాన్యమైన సాహసము కాదు. నిందలు చుట్టుముట్టినవి. మదనపల్లెకు చెందిన రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి ఆమె యోగ్యతను గుర్తించి, శిష్యురాలిగా స్వీకరించి ఉపదేశము చేసెను.

ఉపదేశము లభించినది గాని, స్థిరముగా కూర్చుండి ధ్యానించుటకు చోటు లభింపలేదు. నృసింహాలయములోని ఆంజనేయస్వామి విగ్రహము వెనుక, ఎవ్వరికిని కనబడక ఆమె ధ్యానము చేయుచుండెడిదని పెద్దలు చెప్పుదురు. ఒకనాడు అది బయటపడి, ఆమెను అచ్చట నుండి వెడలగొట్టిరట. తొలి ఏకాంతము అట్లు భగ్నమయ్యెను. పిమ్మట ఆమె జన్మస్థలమును విడిచి తిరుమల కొండ చేరెను.

స్వామి సన్నిధిలో తులసీవనమును పెంచుకొనుచు, అర్చన చేసుకొనుచు ఉండగా అచ్చటను ఆటంకములు తప్పలేదు. పొరుగువారు ఎంగిలి విస్తళ్లను ఆ వనమున పడవేయుచుండిరని కథ కలదు. తుదకు ఆమె తిరుమల మాడవీధులను విడిచి, శేషాచలపు అడవులలోని తుంబురు కోనకు తరలిపోయెను. అచ్చట ఆరేండ్లు తపస్సు చేసెనని సంప్రదాయము. రాత్రివేళ బిలమార్గమున వచ్చి స్వామిని సేవించి పోవుచుండెడిదని భక్తుల విశ్వాసము.

ఫాల్గుణ పూర్ణిమనాడు తుంబురుతీర్థ ముక్కోటికి వెళ్లినవారు ఆ కోనను ఎరుగుదురు. ఇరువైపుల నిలువెత్తు కొండచరియలు, నడుమ నీటిపాయ. వేలమంది కూడి నడచినపుడు సైతము ఆ దారి కష్టమే. ఒంటరి స్త్రీ అచ్చట మౌనము వహించి నిలుచుటకు ఎంతటి ధైర్యము కావలెను! అడవి భయము ఒకటి; మనస్సు పెట్టు బాధ మరియొకటి. మాట మానిన తొలినాళ్లలోనే అణగియున్న తలపులన్నియు పైకి లేచును. నిందించినవారు ఎదుట లేకున్నను నింద చెవిలో మ్రోగుచునే యుండును. మౌనదీక్షకు మొదట కూర్చున్న ప్రతి సాధకుడును ఎదుర్కొను పరీక్ష ఇది. దానిని ఓర్చి దాటిననే ధ్యానము కుదురును.

వెంగమాంబ కోనలోనే ఉండిపోలేదు. తిరిగి జనులయొద్దకు వచ్చెను. వేంకటాచల మాహాత్మ్యము, ద్విపద భాగవతము, వాసిష్ఠ రామాయణము మున్నగు కృతులను తెలుగువారికి ప్రసాదించెను. నృసింహజయంతికి యాత్రికులకు అన్నదానము జరిపించెను. ఒకనాడు తన తులసీవనమున ఎంగిలి విస్తళ్లను చూచిన తల్లి, పిమ్మట పరుల ముందు విస్తళ్లు పరపించి అన్నము పెట్టించెను. మౌనము ఆమె హృదయమును ఎంతగా తేర్చెనో ఇంతకంటె వేరు నిదర్శనమేల?

1817 శ్రావణ శుద్ధ నవమినాడు ఆమె స్వామిలో ఐక్యమయ్యెను. తిరుమలలో ఆమె బృందావనము కలదు. 2011లో ప్రారంభమైన నిత్యాన్నప్రసాద భవనము ఆమె పేరనే వెలసినది. అచ్చట ప్రసాదము స్వీకరించు యాత్రికులు ఆ తల్లిని తలచి, ఒక క్షణమైనను మాట చాలించి స్వామిని ధ్యానింతురు గాక!