పెద్దలకు బడి పెట్టిన సేనాని

ధ్యానభాగము: నిర్గమకాండము 18:13–27; 2 తిమోతి 2:2



తిరుచానూరులో కార్తిక మాసపు ఉత్సవముల చివరి దినమున పంచమీ తీర్థము జరుగును. పద్మసరోవరమున స్నానమునకై జనులు తండోపతండములుగా వచ్చెదరు. అది మన పొరుగువారి పండుగ. ఆ దినమున త్రోవ ప్రక్కన మెడకు రుమాలు కట్టుకొని, జనమును వరుసలో నడిపించుచు, ముసలివారికి చెయ్యి అందించు స్కౌట్ పిల్లలు కనబడుదురు. వారిని చూచి మనము సంతోషింతుము. గాని ఆ పిల్లల వెనుక నిలిచిన పెద్దలను, ఆ పెద్దలకు పని నేర్పినవారిని తలంచువారు తక్కువ. పిల్లలకంటె ముందు పెద్దలకే శిక్షణ కావలెనని కనుగొని, వారికొక బడి పెట్టినవాడు బేడెన్ పావెల్. మన గ్రామ సంఘములలో యౌవనస్థుల సమాజమునకు కమిటీ పెద్దలను ఎన్నుకొనువారికి ఆయన చరిత్ర మేలు చేయునని తలంచి, దానిని ఈ నెల చెప్పుచున్నాము.

బేడెన్ పావెల్ 1857 ఫిబ్రవరి 22న లండనులో పుట్టెను. తండ్రి బోధకుడు, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములో పండితుడు. పిల్లవానికి మూడేండ్లు నిండగానే తండ్రి చనిపోయెను. తల్లి ఎంతో ధైర్యముతో బిడ్డలను పెంచెను. చదువులో ఆయన అంత గట్టివాడు కాడు. ఆక్స్‌ఫర్డులో చోటు దొరకలేదు. 1876లో సైన్యములో చేరి, పందొమ్మిదేండ్ల వయస్సున మన దేశమునకే వచ్చి లక్నోలో కొలువు చేసెను. అడవిలో గురుతులు చూచి దారి కనుగొనుట, తక్కువ సామగ్రితో బ్రదుకుట సైనికులకు నేర్పెను. వారిని చిన్న చిన్న గుంపులుగా చేసి, ఒక్కొక్క గుంపుకు వారిలోనే ఒకనిని నాయకునిగా పెట్టెను.

1899 అక్టోబరు మొదలు 1900 మే వరకు, 217 దినములు, దక్షిణాఫ్రికాలోని మేఫకింగు పట్టణమును శత్రువులు ముట్టడించిరి. పట్టణమును కాచిన సేనాని ఆయనే. అక్కడ చిన్న పిల్లల దళమొకటి వర్తమానములు మోయుచు, ఆసుపత్రిలో సాయపడుచు పెద్దవారివలె పని చేసెను. బాధ్యత అప్పగించినయెడల పిల్లలు దానిని మోయగలరని ఆయన అక్కడ చూచెను. ఆ ముట్టడిలో తెల్లవారికి దొరికినంత ఆహారము ఆఫ్రికా ప్రజలకు దొరకలేదని చరిత్రకారులు ఆయనను తప్పుపట్టుదురు. మంచివారి చరిత్రలోను ఇట్టి మచ్చలున్నవి. వాటిని దాచుట మేలు కాదు.

స్వదేశమునకు తిరిగి వచ్చిన పిమ్మట, సైనికులకై తాను వ్రాసిన పుస్తకమును పిల్లలు చదువుచున్నారని తెలిసికొనెను. ఆ కాలమున విలియం స్మిత్ అను ఆదివారపు బడి ఉపాధ్యాయుడు గ్లాస్గోలో 1883లో బాయ్స్ బ్రిగేడును స్థాపించి నడుపుచుండెను. ఆ స్మిత్ ప్రోత్సాహముతో బేడెన్ పావెల్ తన పుస్తకమును పిల్లలకు తగినట్లు తిరిగి వ్రాయ పూనుకొనెను. అయితే వ్రాసినదానిని ముందు పరీక్షింపవలెనని, 1907 ఆగస్టులో బ్రౌన్సీ అను దీవిలో పిల్లలతో గుడారములు వేసెను. ధనికుల బడి పిల్లలను, కూలివారి బిడ్డలను కలిపి నాలుగు గుంపులు చేసెను. 1908 జనవరి నుండి ఆయన పుస్తకము భాగములుగా వెలువడెను.

అప్పుడు జరిగినది ఆయన కూడ తలంచలేదు. పెద్దలెవరును పిలువకయే పిల్లలు తమంతట తామే గుంపులు కట్టిరి; పిమ్మట తమను నడిపింపుడని పెద్దలను వెదకుకొనుచు పోయిరి! 1909లో లండనులో కూడిన సభకు సుమారు 10,000 మంది పిల్లలు వచ్చిరి. బాలికలును వచ్చి తమకును చోటు కావలెననిరి. అందుచేత 1910లో ఆయన సహోదరి ఆగ్నెస్ సాయముతో గైడ్ల ఉద్యమము పుట్టెను. పిల్లలకు కొదువ లేదు. కొదువయైనది పెద్దలే. వచ్చిన పెద్దలలో కొందరు సైనికులవలె కవాతు చేయించిరి. కొందరు బడిపంతులవలె పాఠము చెప్పి కూర్చుండిరి. వారికి పిల్లలయెడల ప్రేమయున్నది, గాని పని తెలియలేదు. ఇంతలో 1914లో మొదలైన మహాయుద్ధమునకు ఎందరో నాయకులు వెళ్ళి, అనేకులు తిరిగి రాలేదు.

అందుచేత బేడెన్ పావెల్ తన మనస్సును పెద్దల తట్టు త్రిప్పెను. మెక్లారెన్ అను స్కాట్లండు దొర ఇచ్చిన ధనముతో లండను దగ్గర గిల్వెల్ అను తోటను కొనిరి. 1919 సెప్టెంబరులో అక్కడ మొదటి శిక్షణ తరగతి జరిగెను. ఆ బడిలో బల్లలు లేవు. వచ్చిన పెద్దలను పిల్లలవలెనే గుంపులుగా విభజించి గుడారములలో నివసింపజేసిరి. ఇంటిలో నౌకరులున్న దొర కూడ అక్కడ కట్టెలు కొట్టవలెను, వంట చేయవలెను, తనకంటె చిన్నవాడు గుంపు నాయకుడైనయెడల వాని మాట వినవలెను. పిల్లవాడు గుంపులో ఏమి అనుభవించునో పెద్దవాడు తన ఒంటితో తెలిసికొనుటయే ఆ పాఠము. గుడారములలో నేర్చినది చాలదు. తిరిగి వెళ్ళి తన ఊరి పిల్లలతో కొంతకాలము పని చేసి చూపిన తరువాతనే వానికి గురుతు దొరకును. ఆ గురుతు బంగారు పతకము కాదు, తోలు త్రాటికి గ్రుచ్చిన రెండు కొయ్యపూసలు.

స్కౌట్ దళమునకు నాయకుడు గాక కమిటీయు ఉండును. తలిదండ్రులు, ఊరి పెద్దలు అందులో ఉందురు. చోటు చూచుట, డబ్బు కూర్చి లెక్క వ్రాయుట, మంచి నాయకుని వెదకి వానికి అండగా నిలుచుట వారి పని. పిల్లల ఆటలో చెయ్యి పెట్టి దానిని తమదిగా చేసికొనుట వారి పని కాదు. ఈ రెంటి భేదము నేర్చుకొనుటకే శిక్షణ కావలెను.

మన దేశములో 1909లో బెంగుళూరున స్కౌట్ పని మొదలైనప్పుడు భారతీయుల బిడ్డలను చేర్చుకొనలేదు. మదనపల్లెలో 1915లో కళాశాల స్థాపించిన ఆనీ బిసెంటు మొదలైనవారు ఇది అన్యాయమని తలంచి, మద్రాసులో భారతీయ బాలురకు వేరుగా సంఘమును నెలకొల్పిరి. 1921లో బేడెన్ పావెల్ మన దేశమునకు రాగా వారు ఆయనతో ఏకమైరి. గాని 1937లో ఢిల్లీలో జరిగిన స్కౌట్ల మహాసభకు వచ్చినప్పుడు ఆయన భారతీయుల నడవడిని తక్కువ చేసి మాటలాడెను. ఆ మాటలకు మనస్సు నొచ్చి అనేకులు విడిపోయిరి. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత, 1950 నవంబరు 7న, విడిపోయిన సంఘములు భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అను పేరున ఒకటాయెను. స్థాపకుని నోరు తప్పినను పని చెడలేదు. పని నేర్చిన పెద్దలు ఊరూర ఉండిరి గనుక అది నిలిచెను. నేడును మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో నాయకులకు శిక్షణ కేంద్రమున్నది.

ఆయన 1941 జనవరి 8న ఆఫ్రికాలోని కెన్యాలో మృతినొందెను. సమాధి రాతిమీద ఒక సున్నయు, దాని నడుమ ఒక చుక్కయు చెక్కిరి. దారి చూపు గురుతులలో అది ఇంటికి వెళ్ళినవాని గురుతు.

ప్రియులారా, మన సంఘములలో యౌవనస్థుల కమిటీకి ఎవరిని పెట్టుచున్నాము? పొలమున్నవానిని, పేరున్నవానిని, లేదా ఎవరును రానప్పుడు కాదనలేనివానిని. పేరు వ్రాసికొని, ప్రార్థన చేసి, పంపివేయుదుము. ఏడాది తిరుగక మునుపే పిల్లలు చెదరిపోవుదురు. అప్పుడు ఈ కాలపు పిల్లలు చెడిపోయిరని నిందింతుము. మోషేవంటి భక్తుడు కూడ ఒంటరిగా తీర్పు తీర్చుచు అలసినప్పుడు, మామయైన యిత్రో అతనికి రెండు మాటలు చెప్పెను. పనిని పంచుమనెను. పంచుటకు ముందు, నడువవలసిన మార్గమును వారికి బోధింపుమనెను. మనము మొదటిదానిని చేసి రెండవదానిని మరచితిమి. పౌలు తిమోతికి చెప్పినదియు ఇదే: నమ్మకమైనవారికి నేర్పుము, వారు ఇతరులకు నేర్పుదురు.

కోతలు ముగిసిన తరువాత ఒక శనివారము ఆయా గ్రామముల కమిటీ పెద్దలు ఒకచోట కూడవచ్చును. అయిదారుగురు చొప్పున గుంపులై, పిల్లలకు చెప్పబోవు పాఠమును, ఆటను, పాటను ముందు తామే చేసి చూడవలెను. వంట తామే చేయవలెను. కానుకల లెక్క వ్రాసి అందరియెదుట చదువుట నేర్చుకొనవలెను. స్త్రీలను తప్పక పిలువవలెను. పిల్లల క్షేమమును గూర్చియు నేర్చుకొనవలెను: ఏ పెద్దవాడును ఒక పిల్లవానితోనైనను, బాలికతోనైనను ఏకాంతముగా ఉండరాదు, ఎప్పుడును ఇద్దరు పెద్దలుండవలెను. పిల్లలపై అత్యాచారము జరిగినదని తెలిసినవారు పోలీసువారికి తెలుపవలెనని 2012 నాటి పోక్సో చట్టము ఆజ్ఞాపించుచున్నది. సంఘము పరువు పోవునని దానిని కప్పిపెట్టుట పాపమును, నేరమును.

ఇందుకు గొప్ప ధనము అక్కరలేదు. తలనెరసినవాడు నాకు తెలియదు, నేర్పుడని క్రింద కూర్చుండుటకు ఒప్పుకొనుటయే కష్టము. ఆ కష్టమునకు మన సంఘపు పెద్దలు ముందుకు వచ్చినయెడల, మన పిల్లలు వారి వెంట నడుతురు.