బొంబాయి వదలి సొంత ఊరు చేరిన చిత్రకారుడు దామెర్ల

రాజమండ్రి: కోర్టు పనికో, పుష్కర స్నానానికో రాజమండ్రి వచ్చే పల్లె జనం గోదావరి గట్టు చూసి ఇంటిదారి పడతారు. ఆ నదిని, మనుషులను నీటి రంగుల్లో దింపిన దామెర్ల రామారావు కూడా ఈ ఊరి బిడ్డే.

రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో జన్మించారు. చిన్ననాటి నుంచీ బొమ్మలపైనే ధ్యాస. ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన చేతి నేర్పును కనిపెట్టారు. ఇంగ్లండు నుంచి వచ్చిన ఆ దొర స్వయంగా చిత్రకారుడు. ఆయన ప్రోత్సాహంతోనే రామారావు బొంబాయి జె.జె. ఆర్టు స్కూలులో చేరి పేరు తెచ్చుకున్నారు.

నీటి రంగుల పని చూడటానికి తేలిక, చేయటానికి కష్టం. నూనె రంగులో తప్పు పోతే పైన మరో పూత వేసి దిద్దుకోవచ్చు. నీటి రంగు కాగితంలోకి ఇంకిపోతుంది, దిద్దటం అంత సులువు కాదు. నిర్మానుష్యంగా ఉన్న వీధిలో మిట్టమధ్యాహ్నపు ఎండ చూపాలంటే అక్కడ రంగు వేయకుండా కాగితం తెలుపునే వదిలేయాలి. అరుగు నీడకు పలుచని పూత చాలు. కుంచె ఎక్కడ ఆపాలో ముందే తెలిసి ఉండాలి.

రామారావు వెంట ఎప్పుడూ స్కెచ్ పుస్తకం ఉండేది. తూర్పు కనుమల నడుమ గోదావరిని, కాఠియవాడ్ పాలమ్మే స్త్రీలను, పురాణంలోని ఋష్యశృంగుణ్ణి చిత్రించారు.

బొంబాయిలోనే ఉండి ఉంటే డబ్బుకు, పేరుకు కొదవ ఉండేది కాదు. అయినా ఆయన సొంత ఊరికి తిరిగివచ్చారు. 1920ల తొలినాళ్ళలో ఇక్కడ చిత్రకళాశాల నెలకొల్పి యువకులకు కుంచె పట్టడం నేర్పారు. వరదా వెంకటరత్నం తోడుగా నిలిచారు. ఆడవారు గడప దాటటమే అరుదైన ఆ రోజుల్లో భార్య సత్యవాణి, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేశారు.

అంతలోనే మశూచి సోకింది. పల్లెల్లో అమ్మవారు పోసిందని చెప్పుకునే జబ్బు అదే. 1925 ఫిబ్రవరి 6న రామారావు కన్నుమూశారు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు. ఆ జబ్బు ప్రపంచం నుంచే తొలగిపోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది.

గురువు పోయినా వెంకటరత్నం ఆ పనిని వదలలేదు. రామారావు బొమ్మలు ఆయన పేరిట రాజమండ్రిలో వెలసిన చిత్రశాలకు చేరాయి. ఎండ, చెమ్మ తగిలితే పాడయ్యే కాగితపు బొమ్మలవి. వాటిని కాపాడుకోవటం ఎంత అవసరమో, చూడటమూ అంతే అవసరం. ఊరి పని ముగించుకున్నాక పిల్లలను వెంటబెట్టుకుని ఒక గంట అక్కడ ఆగితే, మన గోదావరి మరోలా కనిపిస్తుంది.