కాటన్ దొరగారు – కృష్ణా కాలువలు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములందలి పచ్చని చేలను చూచువారికి ఈ నేల యొకప్పుడు కరువులకు కాణాచి యని చెప్పిన నమ్మశక్యము కాదు. నందన నామ సంవత్సరమున, అనగా 1832-33లో, వచ్చిన కరువున గుంటూరు మండలమునందలి సుమారు అయిదు లక్షల జనములో రెండు లక్షలమంది మడిసిరని అంచనా. జనులు దానిని డొక్కల కరువనిరి. ఏటేట వరదనీరు సముద్రము పాలగుచుండ, ఆ నది యొడ్డుననే ప్రజలు గంజి లేక ప్రాణములు విడిచిరి. ఈ దుర్గతిని తప్పించిన మహనీయులలో అగ్రగణ్యులు సర్ ఆర్థర్ థామస్ కాటన్ దొరగారు.

వీరు 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండు దేశమున జన్మించిరి. ఈస్టిండియా కంపెనీ వారి ఆడిస్కంబు సైనిక విద్యాలయమున చదివి, మద్రాసు ఇంజనీర్ల దళమున చేరి, 1821లో మన దేశమునకు వచ్చిరి. కావేరి పనులలో నుండగా కరికాల చోళుడు కట్టించెనని ప్రసిద్ధి గాంచిన కల్లణై ఆనకట్టను వారు శ్రద్ధతో పరిశీలించిరి. లోతు తెలియని ఇసుకపై రాతికట్టడమును నిలుపు ఉపాయమును ఆ ప్రాచీన శిల్పులవద్దనే నేర్చుకొంటిమని వారు దాచక చెప్పుకొనిరి. ఆ ఉపాయముతోనే 1836లో కొళ్ళిడము నదిపై ఆనకట్టలు వెలసినవి.

గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో ముగిసెను. నడుమ కాటన్ గారి ఆరోగ్యము చెడి సెలవుపై ఆస్ట్రేలియాకు పోగా, కెప్టెన్ ఓర్ గారు ఆ పని సాగించిరి. ఆ ఓర్ గారే 1852 మొదలు 1855 వరకు బెజవాడ వద్ద, ఇంద్రకీలాద్రికిని సీతానగరము కొండకును నడుమ, కృష్ణానదికి ఆనకట్ట కట్టించిరి. దానికి వెన్నుదన్నుగా నిలిచినవారు కాటన్ గారు.

ఈ కాలువలను త్రవ్వునపుడు తీసికొనబడిన యొక నిర్ణయము నేటికిని మన యూళ్ళను శాసించుచున్నది. కాలువ పొలమునకు నీరిచ్చుటయే గాక పడవలకు బాటయు కావలెనని కాటన్ గారి దృఢాభిప్రాయము. ఆనాటి రేగడినేలలో వానకాలమున బండి యిరుసుదాక దిగబడెడిది. అనేక బండ్లు మోయు ధాన్యమును ఒక్క పడవపై వేసికొని ఇద్దరు మనుష్యులు గట్టునుండి త్రాటితో లాగికొనిపోవచ్చును.

అయితే పొలము కోరు కాలువ వేరు, పడవ కోరు కాలువ వేరు. నీరు చివరి పొలమునకు చేరవలెనన్న కాలువకు వాలుండవలెను. పడవ ఎదురు నడువవలెనన్న వాలు స్వల్పముగను, ప్రవాహము నెమ్మదిగను, వెడల్పును లోతును చాలినంతగను ఉండవలెను. అందుచేత కాలువను మెట్లు మెట్లుగా దింపి, మెట్టు మెట్టుకును లాకులు కట్టిరి. లాకు తలుపులు మూసి నీటిని పెంచినచో పడవ పైకి లేచును. నీటిని వదలినచో క్రిందికి దిగును. పడవలాగువారి కొఱకు గట్లపై బాటలు వేసిరి.

ఈ పద్ధతిపై సర్వమును అల్లుకొనెను. తెనాలి పట్టణము నడుమ మూడు కాలువలు పారుచున్నవి. కృష్ణ కుడిగట్టు వెంట బ్యాంకు కాలువ రేపల్లె సీమకు సాగినది. కొమ్మమూరు కాలువ బాపట్ల ప్రాంతము మీదుగా పోయి పెదగంజాము వద్ద బకింగ్‌హాం కాలువతో కలియుటచే కాకినాడనుండి మద్రాసువరకు పడవ దారి యేర్పడెను. ధాన్యము పోయెడిది, ఉప్పు, కట్టెలు వచ్చెడివి.

కాటన్ గారు 1860లో ఉద్యోగము విరమించిరి. 1861లో సర్ బిరుదము నందిరి. 1878లో బ్రిటిషు పార్లమెంటు సంఘము నెదుట రైళ్ళకంటె జలమార్గములే హిందూదేశమునకు మేలని వాదించిరి. ఆ వాదము నెగ్గలేదు. 1899 జూలై 24న వారు దివంగతులైరి. బెజవాడ-మద్రాసు రైలుమార్గము తెనాలి, బాపట్లల మీదుగా పూర్తియైనది ఆ సంవత్సరముననే. 1916లో రేపల్లెకును రైలు వచ్చెను.

అయినను కాలువబాట వెంటనే మూగవోలేదు. 1935లో తెనాలి తాలూకా పెదపాలెమునకు చెందిన పాతూరి నాగభూషణము గారు పెదవడ్లపూడికిని కొల్లూరుకును నడుమ బ్యాంకు కాలువపై పడవ గ్రంథాలయమును నడిపిరి. ధాన్యము మోయుటకై పుట్టిన బాటపై పుస్తకములు ప్రయాణించినవి. గ్రంథాలయాభిమానులు మరువరాని విషయమిది.

పిమ్మట లారీలు వచ్చినవి, పడవలు పోయినవి, లాకులు మిగిలినవి. నెమ్మది ప్రవాహమున ఒండ్రు పేరుకొనును, గుఱ్ఱపుడెక్క పెరుగును, శివారు భూముల రైతు నీటికై ఎదురు చూచును. పడవలు లేనపుడు ఈ వాలును మార్చరాదా యని ప్రశ్న పుట్టుట సహజము. కాని తూములు, బోదెలు, మురుగుకాలువలు, వంతెనలు, గట్టుపై రోడ్లు, ఇండ్లు, పొలముల మట్టములు అన్నియు ఆ మొదటి కొలతనే ఆధారము చేసికొన్నవి. ఒకదానిని కదల్చిన వందయు కదలును. 1952లో పాత ఆనకట్టకు గండి పడగా, 1957 నాటికి ప్రకాశం బ్యారేజి నిర్మాణమయ్యెను. కట్టడము క్రొత్తది, కాని అదియు ఆ రెండు కొండల నడుమనే నిలిచి, పాత కాలువలకే నీరిచ్చుచున్నది. సుమారు 13 లక్షల ఎకరముల ఆయకట్టు దానికి వేఱు దారి నిచ్చునా?

ఇది నీటి పనులకే పరిమితమైన ధర్మము కాదు. నేటి కంప్యూటరును నడుపు విండోస్ ఆపరేటింగ్ సిస్టమునందు ముఖ్యమైన డిస్కును సి అక్షరముతో పిలుతురు. ఎ, బి లేవి? తొలి చిన్న కంప్యూటర్లలో ఆ రెండక్షరములు ఫ్లాపీ డిస్కులకు కేటాయింపబడినవి. పిదప వచ్చిన హార్డుడిస్కునకు సి దక్కెను. ఫ్లాపీలు పోయినవి. ఆ పేరును నమ్ముకొని లెక్కకు మిక్కిలిగా ప్రోగ్రాములు వ్రాయబడుటచే సి మాత్రము నిలిచెను. మన లాకుల కథయు అదియే.

చిత్రమేమనగా, 2008లో కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువలను గూడ చేర్చి ప్రభుత్వము నాలుగవ జాతీయ జలమార్గమును ప్రకటించెను. నిరుపయోగ మనుకొన్న ఏర్పాటునకు మరల పని తలచిరి. కావున పాతదానిని చూచి నవ్వుటకు ముందు దానిని పెట్టినవారి కారణమును విచారింపవలెను. ఆ కారణము నిజముగా తీరిపోయినదని తేలినపుడు, దానిపై నిలిచిన శివారు రైతునకు నష్టము రాకుండ మెల్లగా మార్చవలెను. క్రొత్తగా కట్టువారు తమ కొలత నూఱేండ్ల పిదపవారిని గూడ బంధించునని యెఱిగి గునపము నెత్తవలెను. కల్లణై యెదుట శిష్యుడై నిలిచి, గోదావరి యెదుట గురువైన కాటన్ దొరగారి జీవితము ఈ రెండు నీతులకును నిదర్శనము.